పచ్చిక కోసిన తేదీ ఆ రిపోర్టులో లేదు

ఇంగ్లండ్‌లో మా ఊరి కౌన్సిల్ (ఇక్కడి స్థానిక ప్రభుత్వం) తన మొట్టమొదటి జీవవైవిధ్య నివేదికను మార్చిలో వెబ్‌సైట్‌లో పెట్టింది. నలభై పేజీల పైమాటే. అట్ట మీద ఆక్స్‌ఐ డైసీ పూలు, ఒక పువ్వు మీద తేనెటీగ. నేను విషయసూచిక జోలికి పోకుండా ముందు మా పార్కు పేరు వెతికాను. మధ్యలో ఒక పట్టికలో దొరికింది. "పరాగ సంపర్కం చేసే కీటకాల కోసం నిర్వహిస్తున్న పచ్చిక మైదానం" అని రాసి, పక్కన ఆకుపచ్చ టిక్కు పెట్టారు.

ఆ మైదానాన్ని కిందటి జులైలో, పూలు విరగబూసిన వారంలో, ట్రాక్టర్ పెట్టి నేలకంటా కోసేశారు. శుక్రవారం కోశారు, శనివారం నేను క్లిప్‌బోర్డు పట్టుకుని వెళ్లాను. గడ్డి ఇంకా వాడలేదు, పచ్చివాసన కొడుతోంది. ముందు వారం అదే చోట మార్బుల్డ్ వైట్ సీతాకోకచిలుకలు ఎక్కువై, ఏది లెక్కపెట్టానో ఏది పెట్టలేదో తెలియక రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. ఈ వారం ఆ గడిలో సున్నా. ఆ సున్నా రాయడానికి కూడా కాసేపు చెయ్యి రాలేదు.

నేను జీవశాస్త్రం చదివినవాణ్ని కాదు. పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో, వారాంతాల్లో పార్కుకి వెళ్తే ఒక రిటైరైన టీచరమ్మ చేతిలో కాగితంతో, నత్తనడకన, ఎవరి వంకా చూడకుండా పోతూ కనిపించేవారు. ఏం చేస్తున్నారని ఒకరోజు అడిగాను. అడిగిన పాపానికి ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాను. ఆవిడకు మోకాళ్లు సహకరించడం మానేశాక ఆ దారి నాకు అప్పగించారు.

దీన్ని ట్రాన్‌సెక్ట్ అంటారు. బ్రిటన్‌లో ఈ పద్ధతిలో సీతాకోకచిలుకలను లెక్కపెట్టే పథకం 1976 నుంచి నడుస్తోంది. ఏప్రిల్ ఒకటి నుంచి సెప్టెంబరు చివరి దాకా 26 వారాలు, వారానికోసారి, అదే దారిలో నడవాలి. ఎండ ఉంటే కనీసం 13 డిగ్రీలు ఉండాలి, గాలి ఎక్కువ ఉండకూడదు. మనకు కుడివైపు రెండున్నర మీటర్లు, ఎడమవైపు రెండున్నర మీటర్లు, ముందు ఐదు మీటర్లు. ఆ కనిపించని పెట్టెలోకి వచ్చినవే లెక్క. పెట్టె బయట ఎంత అరుదైనది ఎగిరినా రాసుకోవడానికి లేదు. మొదట్లో నాకిది చాదస్తంగా అనిపించేది. ఆ చాదస్తం వల్లే ఈ ఏటి అంకెను పదేళ్ల కిందటి అంకె పక్కన పెట్టి చూడగలుగుతున్నాం. కౌన్సిల్ నివేదిక చదువుతున్నంతసేపూ నేను వెతికింది ఆ చాదస్తాన్నే.

అసలీ నివేదికలు ఎందుకు వస్తున్నాయో ముందు చెప్పాలి. ఇంగ్లండ్‌లో 2006 నాటి నేచురల్ ఎన్విరాన్‌మెంట్ అండ్ రూరల్ కమ్యూనిటీస్ చట్టం, 40వ సెక్షన్‌లో, ప్రభుత్వ సంస్థలన్నీ తమ పనులు చేసుకుంటూ జీవవైవిధ్య పరిరక్షణను "దృష్టిలో ఉంచుకోవాలి" అంది. ఆ మాటలో ఉన్న సౌఖ్యం ఏమిటో ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. దృష్టిలో ఉంచుకుని చెట్టు కొట్టేయవచ్చు. దృష్టిలో ఉంచుకున్నాం అని ఫైల్లో రాస్తే చాలు. 2021 ఎన్విరాన్‌మెంట్ చట్టం ఆ మాటను కాస్త బిగించింది. కాపాడటమే కాదు, పెంపొందించాలి కూడా అంది. ఆ మార్పు 2023 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఏం చేయగలమో 2024 జనవరి 1 లోపు కౌన్సిళ్లు ఆలోచించి తేల్చుకోవాలి. మొదటి నివేదిక లెక్కలోకి వచ్చే కాలం 2026 జనవరి 1 దాటకూడదు, ఆ కాలం ముగిసిన 12 వారాల్లోగా నివేదిక బయటపెట్టాలి. తర్వాత ఐదేళ్లకు మించకుండా ఒక్కొక్కటి. పారిష్ కౌన్సిళ్లకు (అన్నిటికంటే కింది స్థాయి చిన్న కౌన్సిళ్లకు) ఆలోచించే బాధ్యత ఉంది గానీ నివేదిక బాధ్యత లేదు.

నివేదికలో ఏముండాలని చట్టం అడుగుతోంది? తీసుకున్న చర్యల సారాంశం. రాబోయే కాలానికి ప్రణాళిక సారాంశం. ప్లానింగ్ అనుమతులిచ్చే సంస్థ అయితే బయోడైవర్సిటీ నెట్ గెయిన్ (కట్టడం వల్ల పోయే ప్రకృతికి మించి తిరిగి ఇవ్వాలన్న నియమం) కింద ఏం చేశారు, ఎంత లాభం రావచ్చు అన్నది. ఇంకా ఏమైనా తగిన సమాచారం. అంతే. ఆ నేల మీద బతికేవాటికి ఏమైందన్న ప్రశ్న ఆ తప్పనిసరి ప్రశ్నల్లో లేదు.

అదే సమయంలో దేశం మొత్తానికి పెట్టుకున్న లక్ష్యం చూడండి. 2030 చివరికి ఇంగ్లండ్‌లో ఒక్కో జాతిలోని ప్రాణుల సంఖ్య తగ్గిపోవడం ఆగాలి, 2042 చివరికి అది 2022 స్థాయిని దాటాలి, 2030 స్థాయి కంటే కనీసం 10 శాతం పెరగాలి. ఇది చట్టబద్ధమైన లక్ష్యం. 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ నేచర్' నివేదిక ప్రకారం బ్రిటన్‌లో పరిశీలనలో ఉన్న జాతుల్లో ప్రాణుల సంఖ్య 1970 నుంచి సగటున 19 శాతం తగ్గింది, గ్రేట్ బ్రిటన్‌లో దాదాపు ఆరింట ఒక జాతికి అంతరించే ముప్పు ఉంది. అంటే పైన కొలబద్ద ప్రాణులది, కింద కొలబద్ద పనులది. వందల కౌన్సిళ్లు తాము చేసిన పనుల జాబితాలు రాస్తాయి. వాటన్నిటినీ కుట్టి ఒక పుస్తకం చేసినా దేశంలో ఒక్క పిచ్చుక పెరిగిందో తగ్గిందో అందులో తెలియదు.

మా కౌన్సిల్ నివేదికలో క్రియాపదాలన్నీ ఒకే కుటుంబానివి. నాటాం, ఏర్పాటు చేశాం, భాగస్వాములమయ్యాం, అవగాహన కల్పించాం. భవిష్యత్తు దగ్గరికి వచ్చేసరికి "అవకాశాలను అన్వేషిస్తూ ఉంటాం". ఈ చివరి వాక్యం ఆ నివేదికలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం మొదలుపెట్టి, ట్రాన్‌సెక్ట్ అలవాటు ఇక్కడ కూడా వచ్చేసిందని నవ్వొచ్చి ఆపేశాను. చచ్చిపోయింది, ఎండిపోయింది, పోగొట్టుకున్నాం, కొట్టేశాం అన్న మాటలు ఎక్కడా లేవు. మూడేళ్ల పాటు ఇంత నేల, ఇన్ని చెట్లు, ఇన్ని వాగులు చూసుకున్న సంస్థకు ఒక్క మొక్క కూడా చావలేదా?

నాటిన మొక్కల సంఖ్య మాత్రం బోల్డు అక్షరాల్లో ఉంది. బతికిన మొక్కల సంఖ్య లేదు. 2022 జులై 19న లింకన్‌షైర్‌లోని కానింగ్స్‌బీలో ఉష్ణోగ్రత 40.3 డిగ్రీలు తాకింది. అది ఈ దేశపు రికార్డు. ఆ ముందు చలికాలంలో బైపాస్ పక్కన ప్లాస్టిక్ గొట్టాల్లో పెట్టిన పిల్ల మొక్కలకు ఆ వేసవి ఏం చేసిందో నేను కారులో వెళ్తూ చూశాను. గొట్టాలు నిలబడే ఉన్నాయి. లోపల పుల్లలు. పత్రికా ప్రకటనలో గొట్టాల్నే లెక్కపెడతారు కదా.

లెక్క ఎలా మోసం చేస్తుందో అర్థం కావాలంటే షెఫీల్డ్ కథ ఒక్కటి చాలు. 2012లో అక్కడి కౌన్సిల్ రోడ్ల మరమ్మతుకు ఒక సంస్థతో 25 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. అందులో 17,500 వీధి చెట్లను తీసేసి కొత్తవి పెట్టాలన్న అంకె ఉంది. ఒకటి కొడితే ఒకటి నాటుతారు. కాగితం మీద నష్టం సున్నా. 2018లో ఆగే లోపు దాదాపు 5,600 చెట్లు పోయాయి. తెల్లవారుజామున వచ్చి కొడుతుంటే జనం అడ్డం పడ్డారు, అరెస్టులయ్యాయి. 2023 మార్చిలో సర్ మార్క్ లోకాక్ విచారణ నివేదిక వచ్చింది, కౌన్సిల్ ప్రజలను తప్పుదారి పట్టించిందని తేల్చింది. కౌన్సిల్ క్షమాపణ చెప్పుకుంది.

ఆ కొట్టివేత జాబితాలో ఒక ఎల్మ్ చెట్టు ఉండేది, చెల్సీ రోడ్డులో. 1970ల ప్రాంతంలో డచ్ ఎల్మ్ తెగులు కోట్ల ఎల్మ్ చెట్లను మింగేసిన దేశంలో నిలబడ్డ వయసు మళ్లిన ఎల్మ్. దాని మీద వైట్ లెటర్ హెయిర్‌స్ట్రీక్ అనే సీతాకోకచిలుక కాపురముంది. దాని గొంగళిపురుగు ఎల్మ్ మొగ్గలు, ఆకులు తప్ప మరొకటి తినదు. ఆ చెట్టు చివరికి బతికిపోయింది. దాన్ని కొట్టి దాని స్థానంలో నడుమెత్తు చెర్రీ మొక్క ఒకటి నాటి ఉంటే ఏమయ్యేది? "తీసినవి 1, నాటినవి 1." ఆ లెక్క తప్పు కాదు. కూడికలో దోషం లేదు. సీతాకోకచిలుక మాత్రం ఉండదు. నివేదికల మీద నా ఫిర్యాదంతా ఈ ఒక్క వరసలో ఉంది: వాటిలో అబద్ధం చాలా తక్కువ.

మా మైదానం సంగతి కూడా అంతే. కోసేసిన వారం తర్వాత నేను సమాచార హక్కు కింద కౌన్సిల్‌కు రాశాను. ఇక్కడ 20 పనిదినాల్లో జవాబివ్వాలి. పంతొమ్మిదో రోజున వచ్చింది. కోపంతో రాసిన ఉత్తరానికి వచ్చిన జవాబు చదివి నీరుగారిపోయాను. ఎందుకంటే అందులో విలన్ ఎవరూ లేరు.

కౌన్సిల్ దగ్గర ఆ పార్కు మ్యాపులు రెండున్నాయి. ప్రకృతి సంరక్షణ చూసే విభాగం దగ్గర ఉన్నదాంట్లో మా మైదానం పచ్చిక బయలు, సెప్టెంబరులో ఒక్కసారి కోసి గడ్డి ఎత్తేయాలి. గడ్డి కోత కాంట్రాక్టులో ఉన్నదాంట్లో అది మామూలు ఆటస్థలం గడ్డి, వేసవంతా రౌండ్ల ప్రకారం కోయాలి. ఇన్నేళ్లూ స్థానిక సూపర్‌వైజర్ ఒకాయన నోటిమాటతో దాన్ని వదిలేయించేవాడు. ఆయన ఆ ఏడాది రిటైరయ్యాడు. కొత్త డ్రైవర్ తన ట్యాబ్‌లో కనిపించిన మ్యాపు ప్రకారం కోశాడు. వాడి తప్పేముంది? నివేదిక రాసిన ఆఫీసర్ తన దగ్గరున్న మ్యాపు ప్రకారం టిక్కు పెట్టారు. ఆవిడ తప్పు మాత్రం ఏముంది?

అప్పటి నుంచి నాకొక నమ్మకం ఏర్పడింది. ఒక ఊళ్లో జీవవైవిధ్యం బతుకుతుందో చస్తుందో నిర్ణయమయ్యేది బయోడైవర్సిటీ ఆఫీసర్ బల్ల మీద కాదు. గడ్డి కోత కాంట్రాక్టులో, రోడ్ల విభాగం టెండరులో, వీధి దీపాల కొనుగోలులో, ఆస్తుల విభాగం అమ్మకానికి పెట్టే ఖాళీ స్థలాల జాబితాలో అది తేలిపోతుంది. నివేదిక రాసే పని మాత్రం ఆ ఒక్క ఆఫీసర్ నెత్తిన పడుతుంది. ఆవిడ మిగతా విభాగాలకు మెయిల్ పంపి "మీరు చేసిన మంచి పనులేమైనా ఉంటే రెండు పేరాలు రాసి పంపండి" అంటారు. వాళ్లు మంచి పనులే పంపుతారు. అడిగింది అదే కదా.

డోర్సెట్‌లో వేమత్ రిలీఫ్ రోడ్డు కథ నా వాదనకు రెండోవైపు సాక్ష్యం. 2011లో తెరిచిన రోడ్డు అది. మామూలుగా రోడ్డు వేశాక గట్ల మీద సారవంతమైన పైమట్టి పరిచి గడ్డి వేస్తారు, తర్వాత ఏళ్ల తరబడి కోస్తూ డబ్బు పోస్తారు. అక్కడ పైమట్టి పరచకుండా సుద్దనేలను అలాగే వదిలి అడవి పూల విత్తనాలు చల్లారు. సారం తక్కువైన నేలలో గడ్డి చెలరేగదు, పూలకు చోటు దొరుకుతుంది. కిడ్నీ వెచ్ అనే పూల మొక్క మొలిచింది, గొంగళిపురుగుగా దాన్ని మాత్రమే తినే స్మాల్ బ్లూ సీతాకోకచిలుక వచ్చి చేరింది. కొద్ది ఏళ్లలోనే ఆ గట్ల మీద దాదాపు 30 రకాల సీతాకోకచిలుకలు కనిపించాయి. బ్రిటన్ మొత్తం మీద ఉన్నవి 60కి కాస్త అటూఇటూ. కోత ఖర్చు కూడా తగ్గింది. ఈ ఘనత ఎవరిది? పైమట్టి వద్దని ఇంజనీరింగ్ డ్రాయింగులో రాసినవాళ్లది. అలాంటి నిర్ణయం ఒక నివేదికలో "అవగాహన కల్పించాం" పక్కన మూడో బుల్లెట్‌గా పడి ఉంటే ఎంత అన్యాయం!

నాకొక తమ్ముడులాంటి స్నేహితుడున్నాడు. మనవాడే, వేరే ఊళ్లో కౌన్సిల్ ప్లానింగ్ విభాగంలో పనిచేస్తాడు. నా గోడు ఫోన్‌లో వెళ్లబోసుకుంటే కాసేపు విని అన్నాడు: "అన్నా, నువ్వు నా సీట్లో కూర్చో ఒకసారి. ఫలానా పార్కులో పొరపాటున కోసేశాం అని నేను రాశాననుకో. రేపు పొద్దున లోకల్ పేపర్లో హెడ్‌లైన్ అదే. రాయని పక్క ఊరి కౌన్సిల్‌కి అవార్డొస్తుంది. నాకెందుకు చెప్పు ఈ టెన్షన్?"

నిజమే. ఆ మాటకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. వాడు ఇంకో రెండు మాటలన్నాడు. డబ్బు లేదు. ముసలివాళ్ల సంరక్షణకు, పిల్లల సంరక్షణకు బడ్జెట్ పోను మిగిలిన చిల్లరలో పార్కులు నడుస్తున్నాయి, సర్వేలకు ఎక్కణ్ణుంచి తేవాలి? రెండోది, ప్రాణులు పెరిగినా తగ్గినా అది కౌన్సిల్ పనివల్లేనని ఎలా చెబుతాం? "వాన పడితే మా తప్పా?"

వాన సంగతి నాకూ తెలుసు. 2024 వేసవిలో బిగ్ బటర్‌ఫ్లై కౌంట్‌లో (దేశమంతా జనం కలిసి సీతాకోకచిలుకలను లెక్కపెట్టే కార్యక్రమం), పదిహేను నిమిషాల లెక్కకు సగటున ఏడు సీతాకోకచిలుకలే కనిపించాయి, ముందు ఏడాది పన్నెండు. తడి వసంతం, చల్లటి వేసవి. బటర్‌ఫ్లై కన్జర్వేషన్ సంస్థ దాన్ని అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది. ఆ ఏడాది మా పార్కులో అంకెలు పడిపోతే కౌన్సిల్‌ను తిట్టడం మూర్ఖత్వం. అయితే దీనికి మందు అంకెలు దాచడం కాదు, ఎక్కువ అంకెలు పెట్టడం. దేశమంతటా పడిపోయిన ఏడాదిలో మా పార్కులో కూడా పడితే అది వాతావరణం. పక్క పార్కుల్లో నిలకడగా ఉండి మా ఒక్క చోట సున్నాకు పడితే అది ట్రాక్టర్. వేరుచేయడం అంత కష్టమేమీ కాదు, రెండూ పక్కపక్కన రాసి ఉంటే.

సర్వేలకు డబ్బు లేదన్న మాట సగమే ఒప్పుకుంటాను. గబ్బిలాలకు, న్యూట్‌లకు (కప్పల జాతికి దగ్గరివైన తోక జీవులు) శిక్షణ, లైసెన్సు ఉన్నవాళ్లు కావాలి, అది ఖర్చే. మిగతా లెక్కల్లో చాలా భాగం ఇప్పటికే జీతం లేని మాలాంటివాళ్లు కట్టిపెడుతున్నారు. సీతాకోకచిలుకలను లెక్కపెట్టేవాళ్లున్నారు, పక్షులను లెక్కపెట్టేవాళ్లున్నారు, ప్రతి ప్రాంతానికీ ఈ లెక్కలన్నీ భద్రపరిచే రికార్డు కేంద్రాలున్నాయి. మా నివేదికలో ఆ కేంద్రం పేరు ధన్యవాదాల్లో ఉంది. దాని దగ్గరున్న ఒక్క అంకె కూడా లోపల లేదు.

ప్లానింగ్ వైపు ఇంకో చిక్కు. 2024 ఫిబ్రవరి 12 నుంచి పెద్ద నిర్మాణాలకు, ఏప్రిల్ 2 నుంచి చిన్నవాటికీ బయోడైవర్సిటీ నెట్ గెయిన్ తప్పనిసరి అయింది. కట్టకముందు ఆ నేలకు ఎన్ని యూనిట్ల విలువుందో లెక్కగట్టి, కట్టిన తర్వాత కనీసం 10 శాతం ఎక్కువ చూపాలి, 30 ఏళ్లు నిలబెట్టాలి. ఆ యూనిట్ల లెక్క ఆవాసానిది: విస్తీర్ణం ఎంత, ఎంత విలక్షణమైనది, ఏ స్థితిలో ఉంది, ఎక్కడుంది. అందులో పిట్ట లేదు, పురుగు లేదు. అది తెలిసే అలా చేశారు, ప్రాణులను ముందుగా లెక్కగట్టడం కుదరదు కాబట్టి. దానిమీద నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, నివేదికలో ఆ యూనిట్లను చేతికొచ్చిన లాభంలా చూపించడం దగ్గర. అవి ప్రామిసరీ నోట్లు. ముప్పై ఏళ్ల గడువున్న నోట్లు.

ఆ నోట్లు చెల్లుతాయా? షెఫీల్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 'వైల్డ్ జస్టిస్' సంస్థ కోసం 42 కొత్త గృహ సముదాయాలకు వెళ్లి, ప్లానింగ్ అనుమతి సమయంలో మాటిచ్చిన పర్యావరణ ఏర్పాట్లు నేల మీద ఉన్నాయో లేదో చూశారు. నెట్ గెయిన్ తప్పనిసరి కాకముందు అనుమతి తెచ్చుకున్న సముదాయాలే అవి. 2024 చివర్లో ఫలితాలు వచ్చాయి. 53 శాతమే ఉన్నాయి. కొత్తగా నాటిన చెట్లను పక్కన పెడితే 34 శాతం. ముళ్లపందులు ఒక దొడ్లోంచి ఇంకో దొడ్లోకి వెళ్లడానికి కంచెలో వదలాల్సిన కంతలు 83 శాతం చోట్ల లేవు. కంచెలో ఒక కంత! అరగంట పని, రంపం ఉంటే చాలు. అది లేదు. నాటాల్సిన చెట్లలో 39 శాతం చచ్చిపోయాయి లేదా అసలు లేవు. ఇవన్నీ షరతులు పెట్టి కౌన్సిళ్లు అనుమతిచ్చిన ఇళ్లే.

మా స్నేహితుణ్ని ఇదే అడిగాను. మీ విభాగంలో అనుమతిచ్చాక వెళ్లి చూసేది ఎవరు? "ఎవరైనా ఫిర్యాదు చేస్తే చూస్తాం అన్నా," అన్నాడు. ముళ్లపంది ఫిర్యాదు చేయదు.

ఇదేమీ కొత్త జబ్బు కాదు. 2008లో ఇంగ్లండ్ కౌన్సిళ్లకు జాతీయ సూచికలంటూ ఒక పెద్ద జాబితా ఉండేది, అందులో 197వది జీవవైవిధ్యానిది. స్థానికంగా గుర్తించిన వన్యప్రాణి స్థలాల్లో ఎంత శాతం మంచి నిర్వహణలో ఉన్నాయి అన్నది కొలత. వినడానికి బాగుంది. మంచి నిర్వహణకు గుర్తేమిటంటే, గత ఐదేళ్లలో అక్కడ సంరక్షణ పని జరిగినట్టో జరుగుతున్నట్టో ఆధారం. అంటే అప్పుడూ పనే కొలత. ఆ జాబితా 2010లో రద్దయినా ఈ ఒక్కటి వేరే జాబితాలో 160వ నంబరుగా బతికింది. వేల్స్‌లో 2016 చట్టం ప్రకారం మూడేళ్లకోసారి నివేదిక, మొదటిది 2019 చివరికి. స్కాట్లాండ్‌లో 2011 చట్టం నుంచీ మూడేళ్లకోసారి. ఇంగ్లండ్ అన్నిటికంటే ఆలస్యంగా వచ్చి, గడువు మాత్రం అందరికంటే ఎక్కువ తీసుకుంది. ఐదేళ్లంటే కౌన్సిలర్లు ఒక ఎన్నిక దాటిపోతారు. రాసిన ఆఫీసర్ వేరే ఊరికి వెళ్లిపోయి ఉంటారు. ఎవరిని అడగాలి?

మరి నాకేం కావాలి? సీతాకోకచిలుకల గ్రాఫులతో నిండిన పుస్తకమేమీ అక్కర్లేదు. ఊళ్లో ఓ పదిహేను స్థలాలు ఎంచుకుని, ఒక్కో స్థలానికి ఒక పేజీ ఇవ్వండి. కిందటిసారి ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది. ఎప్పుడు కోశారు, ఎవరు కోశారు, కోసిన గడ్డి ఎత్తారా లేదా. ఈ చివరిది చాదస్తంగా వినిపిస్తుంది గానీ కోసిన గడ్డి అక్కడే కుళ్లితే నేల సారం పెరిగి మొరటు గడ్డి పూలను తొక్కేస్తుంది, అప్పుడు సెప్టెంబరు దాకా ఆగినా ఉపయోగం లేదు. నాటిన మొక్కల్లో మూడో వేసవికి ఎన్ని బతికాయి. ఐదేళ్లలో మనం పోగొట్టుకున్నది ఏమిటి. అనుమతిచ్చిన ఇళ్ల సముదాయాల్లో పదింటికి వెళ్లి చూస్తే ఎన్నిట్లో కంచెకు కంతలున్నాయి. దీనికి గొప్ప శాస్త్రం అక్కర్లేదు, సైకిల్ మీద తిరిగే ఒక మనిషి చాలు. ఆ నివేదిక చివర ప్రకృతి విభాగం సంతకంతో పాటు గడ్డి కోత విభాగం అధికారి సంతకం కూడా ఉండాలి. నన్నడిగితే ఆ రెండో సంతకమే ముఖ్యం.

పేపర్లో హెడ్‌లైన్ పడుతుందన్న భయం గురించి మళ్లీ ఆలోచించాను. పడుతుంది, మొదటి ఏడాది. అన్ని కౌన్సిళ్లూ "పోగొట్టుకున్నవి" అన్న పేజీ రాయాల్సి వస్తే అది వార్త కాకుండా పోతుంది. ఆస్పత్రుల్లో వెయిటింగ్ లిస్టులు ప్రతి నెలా వస్తాయి. చెడ్డ అంకెలే. అవి రాసినందుకు ఎవరికీ ఉద్యోగం పోలేదు. ఒక్కళ్లే నిజం రాస్తే బలవుతారు కాబట్టే ఇది ఆఫీసర్ మంచితనానికి వదిలేయకుండా చట్టంలో ఉండాలి. మా తమ్ముడు దీనికి మాత్రం ఒప్పుకున్నాడు. "ఫార్మ్‌లో ఆ గడి ఉంటే నింపుతానన్నా. గడి లేకుండా నన్ను హీరో అవ్వమనకు," అన్నాడు.

ఏప్రిల్ మొదటి వారంలో నేను కౌన్సిల్‌కు ఇంకో ఉత్తరం రాశాను. ఈసారి కోపం లేదు. టీచరమ్మ మొదలుపెట్టిన ఏడాది నుంచి ఇప్పటిదాకా ఆ దారి లెక్కలన్నీ ఒక షీటులో పెట్టి జతచేశాను, మైదానం కోసిన వారం దగ్గర పసుపు రంగు వేసి. నివేదికలో మా పార్కు వరసలో ఆ టిక్కు పక్కన ఒక్క వాక్యం చేర్చమని అడిగాను: "2025 జులైలో పొరపాటున కోశాం, కాంట్రాక్టు మ్యాపు సరిదిద్దాం." రెండో భాగం ఇంకా నిజం కాదు. వాళ్లు నిజం చేస్తారన్న ఆశతో రాశాను.

పది రోజులకు జవాబొచ్చింది. మీ ఆసక్తికి, స్వచ్ఛంద సేవకు కృతజ్ఞతలు. ప్రచురించిన నివేదికను మార్చడం కుదరదు. మీ సమాచారాన్ని తదుపరి నివేదిక కాలంలో పరిగణనలోకి తీసుకునే అవకాశాలను అన్వేషిస్తాం. మ్యాపు ఊసు లేదు.

తదుపరి కాలం ముగిసేది 2031 జనవరికి. ఏడాదికి 26 వారాల చొప్పున అప్పటికి 130 నడకలు. మొన్న శనివారం 13 డిగ్రీలు దాటగానే మొదటిది నడిచాను. మైదానంలో ఒక బ్రిమ్‌స్టోన్, రెండు పీకాక్ సీతాకోకచిలుకలు. గడ్డి చీలమండ ఎత్తుకు వచ్చింది. గేటు దగ్గర ట్రాక్టర్ చక్రాల గుర్తులేమైనా ఉన్నాయేమోనని చూసుకుని, లేవని కాగితం మార్జిన్‌లో రాసుకున్నాను.